టెక్స్ట్ ఎడిటర్ టూడూ లిస్టు: విండోస్, మాక్, లినక్స్ పనులన్నీ ఒకే ఫైల్లో గందరగోళం లేకుండా

మీరూ మీ స్నేహితులూ కలిసి ఒక చిన్న టెక్స్ట్ ఎడిటర్ రాస్తున్నారనుకుందాం. కోడ్ ఒకటే, కానీ అది విండోస్ మీదా, మాక్ మీదా, లినక్స్ మీదా నడవాలి. ఇప్పుడు దాని టూడూ ఫైలు తెరిచి చూడండి. “డార్క్ మోడ్ సపోర్ట్”, “ఐఎంఈ ఫిక్స్”, “మాక్ మెనూ”, “హైడీపీఐ చూడాలి”... ఇలా రెండేసి మాటల ముక్కలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఏది ఎవరు అడిగారో తెలీదు, ఏ సిస్టమ్ మీద చూసి రాశారో తెలీదు, సగం ఎప్పుడో అయిపోయి ఉంటాయి, మిగతా సగం ఎందుకు రాశారో రాసినవాళ్లకే గుర్తుండదు.

ఈ లిస్టుని ఎలా దారిలో పెట్టాలో చెప్తాను. మా ఎడిటర్ వాడేది ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల డీటీపీ షాపులవాళ్లు, రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు టైపు చేసేవాళ్లు, ఇంజనీరింగ్ పిల్లలు. రాసేది మేం కొద్దిమందిమే. ఒకరు శ్రీకాకుళం, ఒకరు రాజాం, ఇంకొకరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయిన విజయనగరం కుర్రాడు, మాక్ ఉన్నది అతనొక్కడి దగ్గరే. అందుకని ఉదాహరణలన్నీ తెలుగు టైపింగ్ చుట్టూనే తిరుగుతాయి.

ఫీచరు పేరు కాదు, చేసే పని రాయండి

అన్నిటికన్నా ముందు మార్చుకోవాల్సింది ఇదే. “ఐఎంఈ సపోర్ట్” (ఐఎంఈ అంటే కొట్టిన మీటల్ని తెలుగు లాంటి అక్షరాలుగా మార్చే భాగం) అని రాస్తే అది పని కాదు, ఒక డిపార్ట్‌మెంటు. విండోస్‌లో టెక్స్ట్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్, మాక్‌లో ఎన్ఎస్ టెక్స్ట్ ఇన్‌పుట్ క్లయింట్, లినక్స్‌లో ఐబస్ ఒకరిదీ ఫ్సిట్‌ఎక్స్ ఇంకొకరిదీ, పైగా వేలాండ్ (లినక్స్‌లో తెరమీద విండోలు చూపించే కొత్త పద్ధతి) అయితే దాని టెక్స్ట్ ఇన్‌పుట్ ప్రోటోకాల్ వేరు. ఇవన్నీ కలిపి ఒక టిక్కు పెట్టే రోజు ఎప్పటికీ రాదు. ఎంట్రీ అలా ఏళ్ల తరబడి పడే ఉంటుంది, దాన్ని చూసినప్పుడల్లా టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

దాని బదులు, కూర్చున్న మనిషి చేత్తో ఏం చేస్తాడు, తెరమీద ఏం కనబడాలి అన్నది రాయండి. ఒక డీటీపీ షాపు అన్న మాతో అన్న మాట ఇది: “ఏటి బాబూ, దీర్ఘం తీద్దామని కొడితే అక్షరం మొత్తం ఎగిరిపోనాది!” ఇంతకన్నా మంచి బగ్ రిపోర్టు ఏ ఇంజనీరూ రాయలేడు. ఏం చేశాడు, ఏం అనుకున్నాడు, ఏం జరిగింది, మూడూ ఉన్నాయందులో. లిస్టులో అది ఇలా మారాలి:

పని: “శ్రీకాకుళం” టైపు చేసి చివరినుంచి బ్యాక్‌స్పేస్ కొట్టుకుంటూ రావడం
జరగాల్సింది: ఒక్కో దెబ్బకి ఒక్కో గుర్తు పోవాలి. మొదట సున్నా, తర్వాత ళ, తర్వాత కొమ్ము... మొత్తం 10 దెబ్బలు. బాణం మీటలతో నడిపితే మాత్రం 4 చోట్లే ఆగాలి: శ్రీ, కా, కు, ళం.
విండోస్: అయింది. ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ చూశాం.
మాక్: సగం. బాణాలు సరే, బ్యాక్‌స్పేస్ అక్షరం మొత్తం లాగేస్తోంది.
లినక్స్, గ్నోమ్, వేలాండ్, ఐబస్: లేదు. కర్సరు శ్‌కీ రీకీ మధ్య ఆగుతోంది.

ఈ ఎంట్రీని కొంచెం దగ్గరనుంచి చూడండి, ఎందుకంటే మూడు వరసల్లో మూడు వేరే కథలున్నాయి. (ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ అన్నవి తెలుగు కీబోర్డు పద్ధతులు, గ్నోమ్ లినక్స్‌లో ఒక డెస్క్‌టాప్.) శ్రీకాకుళం అన్న మాటలో యూనికోడ్ లెక్కన 10 కోడ్‌పాయింట్లు, అంటే నంబరిచ్చిన విడి గుర్తులు, ఉన్నాయి: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. యూనికోడ్‌ని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, అంటే ఫైల్లో 30 బైట్లు. కంటికి కనిపించేవి 4 అక్షరాలు. బైట్లు లెక్కపెట్టే ఎడిటర్, కోడ్‌పాయింట్లు లెక్కపెట్టే ఎడిటర్, అక్షరాలు లెక్కపెట్టే ఎడిటర్, ఒకే మాట మీద మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. అది చాలదన్నట్టు, ఒత్తు ఉన్న అక్షరాన్ని ఒకే ముద్దగా చూడాలన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి వచ్చింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అంతకుముందు నియమాల మీద రాసిన లైబ్రరీలు శ్రీని శ్ అనీ రీ అనీ రెండు ముక్కలుగా చూస్తాయి, కాబట్టి వాటి లెక్క 4 కాదు, 5. మీ ఎడిటర్ సిస్టమ్ లైబ్రరీని వాడుకుంటుంటే మీ కోడ్‌లో ఏ తేడా లేకపోయినా ఒక సిస్టమ్‌లో ఒకలా, ఇంకో సిస్టమ్‌లో ఇంకోలా కర్సరు ఆగుతుంది. ఇది లిస్టులో “లినక్స్‌లో కర్సర్ బగ్” అని ఉంటే, తీసుకున్నవాళ్లు కర్సరు గీసే కోడ్‌లో పడి వెతుక్కుంటారు. “శ్‌కీ రీకీ మధ్య ఆగుతోంది” అని ఉంటే, తెలిసినవాళ్లకి సగం జవాబు అక్కడే దొరికిపోతుంది.

“జరగాల్సింది” అన్న వరస రాసేటప్పుడు గొడవలొస్తాయి, రానివ్వండి. బ్యాక్‌స్పేస్‌కి ఒక గుర్తే పోవాలా, అక్షరం పోవాలా అన్నది అభిప్రాయభేదం ఉన్న విషయమే. నా ఉద్దేశంలో తెలుగుకి బ్యాక్‌స్పేస్ గుర్తు చొప్పున, ముందువైపు చెరిపే డిలీట్ మీట అక్షరం చొప్పున పోవడమే సరి, టైపు చేసేవాళ్ల వేళ్లు దానికే అలవాటుపడ్డాయి. మీరు ఇంకోలా అనుకోవచ్చు. ఏదైనా సరే, తేల్చుకున్నది ఆ వరసలో ఉండాలి. కోడ్ రాసేవాడు తనంతట తాను తేల్చుకునే పరిస్థితి పెట్టకండి.

ఒక పని, కింద మూడు వరసలు

కొంతమంది మూడు ప్లాట్‌ఫారాలకి మూడు వేరే ఫైళ్లు పెడతారు. మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత ఒకే విషయం మూడు చోట్ల మూడు భాషల్లో రాసి ఉంటుంది, విండోస్ ఫైల్లో అయిపోయిందని కొట్టేసినది మాక్ ఫైల్లో ఉందో లేదో ఎవరూ చూడరు. ఇంకొంతమంది పెద్ద టేబుల్ గీస్తారు, అడ్డంగా ప్లాట్‌ఫారాలు, నిలువుగా ఫీచర్లు, గళ్లలో టిక్కులు. చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, గడిలో టిక్కు తప్ప మాట పట్టదు, అసలు విషయం ఉండేది మాటలోనే.

పని ఒకసారే రాసి కింద ఒక్కో ప్లాట్‌ఫారానికి ఒక వరస పెట్టడం మాకు బాగా కుదిరింది. దీనికి మంచి ఉదాహరణ ఫైల్ సేవ్ చెయ్యడం. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే, వేసవిలో చెప్పకుండా పోతుంది, తుఫానొస్తే రోజుల తరబడి రాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు ఎలా ఉండిందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన షాపులో, సేవ్ కొట్టిన క్షణంలో కరెంటు పోతే, దస్తావేజు ఫైలు సున్నా బైట్లతో మిగలకూడదు. పాతది మొత్తమైనా ఉండాలి, కొత్తది మొత్తమైనా ఉండాలి. పని ఇదొక్కటే. కానీ కింద వరసలు చూడండి.

లినక్స్‌లో దారి పాతదే: అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు రాయాలి, ఎఫ్‌సింక్ చెయ్యాలి (డేటాని డిస్కుకి ఎక్కించమని సిస్టమ్‌కి చెప్పడం), తర్వాత అసలు పేరుకి రీనేమ్ చెయ్యాలి. అదే ఫోల్డర్‌లో అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, టెంప్ ఫోల్డర్ వేరే డిస్కు భాగంలో ఉంటే రీనేమ్ కుదరదు. పైగా అసలు ఫైలు సింబాలిక్ లింకు (వేరే చోటున్న ఫైలుకి దారి చూపే పేరు) అయితే లింకు పోయి మామూలు ఫైలు వచ్చి కూర్చుంటుంది, అనుమతులు మారిపోవచ్చు, ఆ రెండూ వరసలో విడిగా రాసుకోవాలి. మాక్‌లో అంతా ఇలాగే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అక్కడ ఎఫ్‌సింక్ డేటాని డ్రైవ్ దాకా తోస్తుందంతే, డ్రైవ్ లోపలి క్యాష్‌లోంచి డిస్కు మీదకి ఎక్కిందన్న హామీ ఇవ్వదు, దానికి ఎఫ్ ఫుల్‌ఫ్‌సింక్ అని వేరే పిలుపు ఉంది. విండోస్‌లో రీప్లేస్‌ఫైల్ అనే ఫంక్షన్ పాత ఫైలు అనుమతులు, లక్షణాలు కొత్తదానికి అంటించి మార్చిపెడుతుంది, కానీ యాంటీవైరస్ ఆ క్షణంలో ఫైల్ని పట్టుకుని ఉంటే ఫెయిలవుతుంది, అప్పుడు కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. మూడు వరసలూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టే “లినక్స్‌లో అయిందిగా, మాక్‌లో కూడా అయినట్టే” అని ఎవరూ టిక్కు పెట్టెయ్యరు.

వరసల్లో వాడే మాటలు ఐదే పెట్టుకోండి: అయింది, సగం, లేదు, కుదరదు, చెయ్యం. ఇందులో చివరి రెండూ వేరు. “కుదరదు” అంటే ప్లాట్‌ఫారమే ఒప్పుకోదని. ఉదాహరణకి విండో కిందటిసారి తెరమీద ఎక్కడుందో అక్కడే తెరుచుకోవాలన్న కోరిక. విండోస్‌లో, మాక్‌లో, లినక్స్‌లో వేలాండ్‌కి ముందునుంచీ ఉన్న ఎక్స్11లో అప్లికేషనే ఆ స్థానం చెప్పగలదు. వేలాండ్‌లో మామూలు విండో తన స్థానం తాను నిర్ణయించుకోలేదు, అది తెరమీద విండోలు పేర్చే కంపోజిటర్ ఇష్టం. ఇది “లేదు” అని ఉంటే, కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ ఒక ఆదివారం దానిమీద పోగొట్టుకుంటాడు. “చెయ్యం” సంగతి తర్వాత చెప్తాను.

ఆ ఊళ్లో ఆ పద్ధతి

మూడింట్లోనూ ఒకేలా ఉండాలన్న పట్టుదల ఎడిటర్‌ని పాడు చేస్తుంది. మాక్‌లో చివరి విండో మూసినా అప్లికేషన్ నడుస్తూనే ఉంటుంది, విండోస్‌లో మూసుకుపోతుంది. మాక్‌లో హోమ్ మీట కొడితే ఫైలు పైకి జరుగుతుంది, కర్సరు కదలదు, విండోస్‌లో కర్సరు లైను మొదటికి వెళ్తుంది. లినక్స్‌లో సెలెక్ట్ చేసి మౌసు మధ్య బటన్ నొక్కితే పేస్ట్ అవుతుంది, మిగతా రెండింట్లో అలాంటిది లేదు. ఇవేవీ బగ్గులు కావు. విండోస్ నుంచి మాక్‌కి మారినవాళ్లు హోమ్ మీట గురించి తిడుతూ ఎంట్రీ పెట్టమంటారు, నన్నడిగితే పెట్టకండి. కావాలంటే సెట్టింగ్స్‌లో ఒక ఆప్షన్ ఇవ్వచ్చు.

మరి ఏది సరైనదో ఎలా తేల్చాలి? దానికి మా దగ్గర సులువైన కొలత ఉంది. ఆ సిస్టమ్‌తోపాటు వచ్చే సొంత ఎడిటర్ తెరవండి: విండోస్‌లో నోట్‌ప్యాడ్, మాక్‌లో టెక్స్ట్‌ఎడిట్, గ్నోమ్‌లో టెక్స్ట్ ఎడిటర్, కేడీఈ అయితే కేట్. అదే పని అందులో చేసి ఏం జరిగిందో ఎంట్రీలో రాయండి. మీరు దానికి భిన్నంగా చెయ్యాలనుకుంటే చెయ్యండి, కానీ ఎందుకో ఒక వాక్యం రాసి పెట్టండి. ఒక్క జాగ్రత్త, ఆ ఎడిటర్లూ మారుతుంటాయి. నోట్‌ప్యాడ్ చాలా ఏళ్లు విండోస్ తరహా లైను ముగింపులనే గుర్తించేది, లినక్స్‌లో రాసిన ఫైలు అందులో తెరిస్తే అంతా ఒకే లైనుగా కనిపించేది. 2018లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో ఆ బాధ తీరింది. 2019 నాటికి కొత్త ఫైళ్లని మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యడం మొదలుపెట్టింది. అందుకే “నోట్‌ప్యాడ్‌లో ఇలా ఉంది” అని రాస్తే సరిపోదు, ఏ విండోస్, ఎప్పుడు చూశారు అన్నది కూడా పక్కనే ఉండాలి.

చేతిలో సిస్టమ్ లేని ఎంట్రీ

ప్రతి వరస పక్కనా ఎవరు చూశారు, ఏ వెర్షన్ మీద, ఏ నెల్లో అన్నది రాయడం మొదట్లో విసుగ్గా ఉంటుంది. కానీ ప్లాట్‌ఫారం పనుల్లో ఇది లేకపోతే లిస్టుకి విలువ లేదు. మెదడుతో ఆలోచించి రాసే ఎంట్రీలు వేరు, సిస్టమ్ ముందు కూర్చుని చూసి రాసేవి వేరు. మా దగ్గర మాక్ ఒక్కటే ఉంది, అదీ బెంగళూరులో. కాబట్టి మాక్ వరసలన్నీ ఆ కుర్రాడి ఖాతాలోనే ఉంటాయి, అతను సెలవులో ఉన్నా, పని ఒత్తిడిలో ఉన్నా ఆ వరసలు కదలవు, కదిలినట్టు నటించం కూడా.

ఎవరి దగ్గరా లేని సిస్టమ్ గురించి ఎంట్రీ వస్తే ఏం చెయ్యాలి? ఫైలు చివర్లో “మనిషి కావాలి” అని ఒక భాగం పెట్టి అందులో వెయ్యండి. ఇచ్ఛాపురం వైపు నుంచి మాకు వచ్చింది ఇలాంటిదే: ఒడియా, తెలుగు కలిసిన ఫైలు తెరిస్తే ఒడియా అంతా డబ్బాలు. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటులో రెండు లిపులూ ఉన్నాయి కాబట్టి అక్కడ బాధ తక్కువ. లినక్స్‌లో ఒడియా ఫాంటు ఇన్‌స్టాల్ అయి ఉంటేనే ఫాంట్లు వెతికే ఫాంట్‌కాన్ఫిగ్ దాన్ని తెచ్చిపెడుతుంది, లేకపోతే డబ్బాలే గతి. సిస్టమ్ ఉంటే సరిపోదు, ఒడియా చదవగలిగిన మనిషి కూడా కావాలి, సరిగ్గా వచ్చిందో లేదో మేం చూసి చెప్పలేం కదా. అలా “మనిషి కావాలి”లో ఉన్నవాటిని సిగ్గుపడకుండా బయటికి చెప్పండి, ఏదో ఒక కాలేజీ కుర్రాడు దొరుకుతాడు.

స్క్రీన్ రీడర్ (చూపులేనివాళ్లకి తెరమీది మాటలు చదివి వినిపించే ప్రోగ్రాం) ఎంట్రీలు కూడా ఇక్కడికే చేరిపోతుంటాయి, అది నాకు నచ్చని విషయం. టెక్స్ట్ కనిపించే భాగాన్ని మీరే సొంతంగా గీస్తుంటే, విండోస్‌లో యూఐ ఆటోమేషన్‌కి, మాక్‌లో ఎన్ఎస్ యాక్సెసిబిలిటీకి, లినక్స్‌లో ఏటీ-ఎస్‌పీఐకి మీరు చెప్తే తప్ప అక్కడ అక్షరాలున్నాయని స్క్రీన్ రీడర్‌కి తెలీదు, దానికది ఖాళీ గోడ. కళ్లున్నవాళ్లం కూడా ఎన్‌వీడీఏ అనే విండోస్ స్క్రీన్ రీడర్‌ని ఉచితంగా దించుకుని, అది వాడే ఈస్పీక్ ఎన్‌జీలో తెలుగు గొంతు పెట్టుకుని, మానిటర్ ఆపేసి ఒక పేరా దిద్ది చూడొచ్చు. ఎంట్రీ అలా రాయండి: “మానిటర్ ఆపి, రెండో పేరాలో ఒక మాట మార్చి సేవ్ చెయ్యడం.”

వరస క్రమం

ఏది ముందు, ఏది వెనక? విమ్ ఎడిటర్‌తోపాటు వచ్చే డాక్యుమెంటేషన్లో పెద్ద టూడూ ఫైలు ఉంది, అందులో ఎంట్రీల ముందు 9 నుంచి 1 దాకా అంకెలు వేసి ప్రాధాన్యం చూపిస్తారు. ఈమాక్స్ ఎడిటర్ సోర్సులోనూ టూడూ ఫైలు ఉంది, మాక్ వైపు పోర్టు పనులకి అందులో వేరే భాగమే ఉంది. రెండూ ఒకసారి చదవండి, దశాబ్దాల అనుభవం కనిపిస్తుంది. కానీ అంకెల పద్ధతి చిన్న గుంపుకి పనికిరాదన్నది నా అభిప్రాయం. ఎవరి ఎంట్రీకి వాళ్లు 8 వేసుకుంటారు, నెల తిరిగేసరికి అన్నీ 8లే.

మేం నాలుగు మెట్లు పెట్టుకున్నాం. రాసింది పోయే ప్రమాదం ఉన్నవి పైన. పని ఆగిపోయేవి తర్వాత. చేతికి అలవాటు కానివి ఆ తర్వాత. కంటికి బాగోనివి చివర. ఈ లెక్కన డార్క్ మోడ్ ఎప్పుడూ అడుగునే ఉంటుంది, దానికోసం ఎంతమంది అరిచినా సరే. పైకి వచ్చేది ఎవరూ అడగని సంగతులు.

అలాంటిదొకటి చెప్తాను. “పైడితల్లి” అన్న పేరుతో ఫైలు సేవ్ చేశారు. ఐత్వం గుర్తుకి యూనికోడ్‌లో రెండు రూపాలున్నాయి, ఒకే కోడ్‌పాయింటుగా రాయొచ్చు, ఎత్వం గుర్తు దాని కింద ఐత్వం తోక అని రెండుగా విడదీసీ రాయొచ్చు, రెండూ సమానమని ప్రమాణమే చెప్తుంది. మాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైళ్ల పేర్లని విడదీసి దాచేది. కొత్త ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఉంచి, పోల్చేటప్పుడు రెండూ ఒకటే అనుకుంటుంది. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4కి మామూలుగా ఈ గొడవే పట్టదు, బైట్లు వేరైతే ఫైళ్లు వేరే. అంటే పాత మాక్ డిస్కులోంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన “పైడితల్లి”, లినక్స్‌లో టైపు చేసిన “పైడితల్లి” ఒకే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లుగా కూర్చోగలవు, కంటికి ఏ తేడా లేకుండా. దిద్దింది ఒకటి, ప్రింటుకి పంపింది ఇంకొకటి. విజయనగరంలో పైడితల్లి పేరు లేని కరపత్రం ఉండదు కాబట్టి ఇది మాకు పై మెట్టు ఎంట్రీ. ఇంకో ఊళ్లో, ఐత్వం లేని పేర్లతో పనిచేసేవాళ్లకి ఇది కింది మెట్టులోనూ ఉండకపోవచ్చు.

దీనికి దగ్గరి చుట్టం విండోస్‌లో ఉంది. తెలుగుకి విండోస్‌లో పాతకాలపు ఆన్సీ కోడ్‌పేజీ (యూనికోడ్ కాని అక్షరాల పట్టిక) లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. కోడ్‌లో ఎక్కడైనా ఒక పాత తరహా ఫంక్షన్ మిగిలిపోతే ఫైలు పేరు మొత్తం ప్రశ్నార్థకాలైపోతుంది, ఫైలు తెరుచుకోదు. విండోస్ 10 1903 నుంచి ప్రోగ్రాం వివరాలు చెప్పే మానిఫెస్ట్‌లో యూటీఎఫ్-8ని కోడ్‌పేజీగా ప్రకటించుకునే వీలుంది, దాంతో చాలావరకు తీరుతుంది, కానీ అంతకన్నా పాత సిస్టమ్‌లో తీరదు.

చెయ్యం

పాత సిస్టమ్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్తాను. మా వైపు డీటీపీ షాపుల్లో విండోస్ 7 ఇంకా ఉంది, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు దానిమీద సెట్ అయిపోయాయి, కదిపితే బిజినెస్ ఆగుతుందని భయం. ఆ భయం న్యాయమైనదే. అయినా మైక్రోసాఫ్ట్ విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోలు, బటన్లు గీసిపెట్టే టూల్‌కిట్ క్యూట్ 6 వాడితే విండోస్ 10 ఉండాల్సిందే, ఎలక్ట్రాన్ అయితే విండోస్ 7 మీద నడిచే చివరి వెర్షన్ 22. మీ టూల్‌కిట్ ఎక్కడ ఆగిందో మీరూ అక్కడ ఆగుతారు. ఆ మాట ఫైలు నెత్తిమీద మొదటి వరసలోనే రాసేయండి: ఫలానా విండోస్ నుంచి, ఫలానా మాక్ నుంచి, ఫలానా ఉబుంటు నుంచి. లేకపోతే ప్రతి ఎంట్రీ కింద అదే వాదన మళ్లీ మొదలవుతుంది.

“చెయ్యం” భాగం ఫైల్లో ఉండి తీరాలి, కారణంతో సహా. మాకు ఎక్కువసార్లు వచ్చే కోరిక, అనూలో టైపు చేసినది అతికిస్తే తెలుగుగా మారిపోవాలన్నది. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకున్నాయి, వేరే ఫాంటులో చూస్తే పిచ్చి అక్షరాలే. మార్చడానికి విడిగా కన్వర్టర్లున్నాయి. ఎడిటర్‌లో అది పెడితే ఏ టెక్స్ట్ అనూదో, ఏది నిజంగా ఇంగ్లీషో కనిపెట్టే తలనొప్పి కూడా మనదే అవుతుంది. అందుకే చెయ్యం. ఇలా మూడు వాక్యాల్లో రాసి ఉంటే, అడిగినవాళ్లకి అది చూపిస్తే చాలు, ఎవరి మనసూ నొచ్చుకోదు, మీకూ ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే పని తప్పుతుంది. ఎంట్రీని కారణం లేకుండా చెరిపేస్తే మాత్రం అది ఆర్నెల్లకి ఇంకో పేరుతో తిరిగొస్తుంది, గ్యారంటీ.

ఫైలు ఎక్కడ, ఎప్పుడు దులపాలి

మామూలు టెక్స్ట్ ఫైలు, కోడ్‌తోపాటే, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో. ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు. చర్చలు ఎక్కడైనా జరగనీయండి, వాట్సాప్‌లో, ఫోన్లో, టీ కొట్టు దగ్గర, తేలిన మాట మాత్రం ఫైల్లోకి రావాలి. రెండు ఎంట్రీల మధ్య ఖాళీ లైను వదలండి, ఒక్కో వరసా ఒక్కో లైనుగా ఉంచండి, పొడవైనా సరే మధ్యలో విరగ్గొట్టకండి. అప్పుడు ఇద్దరు ఒకేసారి దిద్దినా గిట్‌లో కొట్లాట తక్కువ, ఏ వరస ఎవరు ఎప్పుడు మార్చారో కూడా తేలిగ్గా కనిపిస్తుంది. ఈ ఫైల్ని మీ ఎడిటర్‌లోనే దిద్దండి, వేరేదానిలో కాదు. తెలుగులో రాసిన టూడూ ఫైలే మీకు రోజూ దొరికే పరీక్ష.

మూడు ప్లాట్‌ఫారాల్లోనూ అయిపోయిన ఎంట్రీని టిక్కు పెట్టి ఉంచకండి. మార్పుల చిట్టాలో ఒక వాక్యం రాసి ఇక్కడినుంచి తీసెయ్యండి. రెండింట్లో అయి మూడోదాంట్లో మిగిలినది అలాగే ఉండనివ్వండి, అది అక్కడుండటమే మూడోవాళ్లకి గుర్తు.

దులపడానికి ఏడాదిలో రెండుసార్లు చాలు. ఉబుంటు కొత్త వెర్షన్లు ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో వస్తాయి, మాక్ కొత్త వెర్షన్ కూడా కొన్నేళ్లుగా సెప్టెంబర్–నవంబర్ మధ్యలోనే వస్తోంది. మాకు సిరిమాను సంబరం అయ్యాక కూర్చోవడం అలవాటైంది. దసరా వెళ్లిన మంగళవారం దాకా విజయనగరంలో ఎవరినీ పట్టుకోలేం, ఆ తర్వాత అందరూ ఖాళీ, బెంగళూరు కుర్రాడు కూడా ఊళ్లోనే ఉంటాడు, మాక్ వెంట తెచ్చుకుంటాడు. రెండోసారి ఏప్రిల్‌లో, ఎండలు ముదరక ముందు. ఆ రోజు కొత్త ఎంట్రీలు రాయం. పైనుంచి కిందికి ఒక్కో వరసా చదివి, ఏడాది దాటిన తేదీ ఉన్నదాన్ని సిస్టమ్ మీద మళ్లీ చేసి చూస్తాం. ఆశ్చర్యంగా కొన్ని వాటంతటవే బాగయి ఉంటాయి, టూల్‌కిట్ కొత్త వెర్షన్ పుణ్యమా అని. కొన్ని “అయింది” అన్నవి చెడిపోయి ఉంటాయి, వాటిని “సగం”కి దించి కొత్త తేదీ వేస్తాం. చూడ్డానికి సిస్టమ్ లేకపోయిన వరసల్లో పాత తేదీ అలాగే ఉంచి “ఈసారి చూడలేదు” అని కలుపుతాం. రెండుసార్లు వరసగా ఆ మాట పడితే ఎంట్రీ “మనిషి కావాలి”లోకి వెళ్లిపోతుంది. అంతా అయ్యాక మొత్తం మార్పులు ఒకే కమిట్‌గా (గిట్‌లో ఒకసారి దాచే మార్పుల మూట) పెట్టకండి, ప్లాట్‌ఫారానికొకటి చొప్పున మూడు కమిట్లు చెయ్యండి, తర్వాత ఎప్పుడైనా మాక్ సంగతి మాత్రమే వెనక్కి తిప్పి చూడాలంటే వెతుక్కోనక్కర్లేదు.